మిల్లులో దాచిన నాలుగు వందల కార్లు

పిల్లలూ, మీ ఇంట్లో ఏమేమి బళ్ళున్నాయో ఒకసారి లెక్కపెట్టండి చూద్దాం. నాన్నగారి మోటారు సైకిలు ఒకటి, అక్కయ్య సైకిలు ఒకటి, చక్రం ఊడిపోయిన తమ్ముడి బొమ్మ లారీ ఒకటి. కొందరి ఇళ్ళలో కారు కూడా ఉండవచ్చు. లెక్క అయిందా? ఇప్పుడు కళ్ళు మూసుకుని రెండో లెక్క వెయ్యండి. అడిగినంత డబ్బూ, ఊరంత షెడ్డూ మీకు ఇస్తే, అందులో ఏయే బళ్ళు తెచ్చి పెట్టుకుంటారు?

మొదటి లెక్క చిటికెలో అయిపోతుంది. రెండో లెక్కకు అంతే ఉండదు! కార్లంటే ప్రాణం పెట్టే పెద్దవాళ్ళకు కూడా ఇలాగే రెండు షెడ్లుంటాయి. ఒకటి ఇంటి పక్కన ఉంటుంది, రెండోది మనసులో ఉంటుంది. మనసులో ఉన్న షెడ్డుకు అద్దె లేదు, పెట్రోలు ఖర్చు లేదు, దానివల్ల ఎవరికీ నష్టమూ లేదు.

కాని ఒక మనిషి తన మనసులోని షెడ్డును నిజంగానే కట్టేశాడు. నాలుగు వందలకు పైగా కార్లు తెచ్చి అందులో నింపాడు. నింపి, తలుపుకు తాళం వేశాడు. పక్క వీధివాళ్ళకే కాదు, తన దగ్గర పనిచేసే కూలీలకు కూడా లోపల ఏమున్నదో తెలియనివ్వలేదు. ఆ తాళం ఎలా ఊడిందో, ఆ కార్లు చివరకు ఎవరివయ్యాయో చెబుతాను, వినండి.

ఫ్రాన్సు దేశానికి తూర్పు అంచున, రైన్ నది పక్కన అల్సాస్ అనే సీమ ఉన్నది. ఆ సీమలో ములూజ్ అనేది ఒక పట్టణం. అక్కడి నుంచి కాస్త దూరం పోతే జర్మనీ వస్తుంది, ఇంకో దిక్కుకు పోతే స్విట్జర్లాండు వస్తుంది. నూలు వడకడానికీ, బట్టల మీద అద్దకానికీ ములూజ్ పూర్వం నుంచీ పేరు పొందిన ఊరు.

ఈ ఊళ్ళో ష్లుంఫ్ అనే ఇంటిపేరు గల అన్నదమ్ములు ఇద్దరు ఉండేవారు. పెద్దవాడు హాన్స్, 1904లో పుట్టాడు. చిన్నవాడు ఫ్రిట్జ్, 1906లో పుట్టాడు. వారి తండ్రి స్విట్జర్లాండువాడు. తల్లి జాన్‌ది ములూజే. అన్నదమ్ములిద్దరికీ తల్లి అంటే ఎంతో భక్తి. వాళ్ళు ఉన్ని వ్యాపారంలో దిగి, 1935లో సొంత కంపెనీ పెట్టారు. తరవాత ఒక్కొక్కటిగా ఉన్ని వడికే మిల్లులు కొన్నారు. గొర్రెల మీది నుంచి కత్తిరించిన ఉన్నిని కడిగి, దువ్వి, దారంగా వడకడం ఆ మిల్లుల పని. ఎన్నో కుటుంబాలు ఆ పని మీదనే బతికేవి.

చిన్నవాడైన ఫ్రిట్జ్‌కు కార్లంటే పిచ్చి. అందులోనూ ఒక్క రకం కార్లంటే మరీ పిచ్చి. ఆ కార్ల పేరు బుగాటీ.

బుగాటీ కార్ల సంగతి కొంచెం తెలిస్తేగాని ఫ్రిట్జ్ పిచ్చి మీకు అర్థం కాదు. ఎటోరే బుగాటీ ఇటలీలోని మిలాను నగరంలో 1881లో పుట్టాడు. వాళ్ళ నాన్న బల్లలూ కుర్చీలూ శిల్పాల్లాగా చేసే కళాకారుడు. తమ్ముడు రెంబ్రాంట్ జంతువుల బొమ్మలు చేసే శిల్పి. ఎటోరే మాత్రం యంత్రాల మీద మనసు పెట్టాడు. 1909లో అల్సాస్‌లోనే, మోల్స్‌హైమ్ అనే చిన్న ఊళ్ళో కార్ల కార్ఖానా పెట్టాడు. కార్లలో కూడా అతనికి అందమే ముఖ్యం. పైకి కనపడని ఇనప ముక్కనైనా సరే నున్నగా చిత్రిక పట్టించేవాడు.

1924లో అతడు ముప్ఫై అయిదో నమూనా పందెపు కారును బయటికి తెచ్చాడు. ఆ రోజుల్లో చాలా కార్లకు సైకిలు చక్రాలకు ఉన్నట్టు తీగ ఊచల చక్రాలుండేవి. బుగాటీ ఈ కారుకు అల్యూమినియంతో పోత పోసిన చక్రాలు పెట్టాడు. అల్యూమినియం తేలిక. పైగా బ్రేకు వేసినప్పుడు పుట్టే వేడిని త్వరగా గాలిలోకి వదిలేస్తుంది. చక్రమూ, బ్రేకు డోలూ ఒకే పోతలో ఉండటం వల్ల, చక్రం ఊడదీస్తే చాలు, బ్రేకు అంతా కళ్ళ ముందు కనబడేది. పందెం మధ్యలో మరమ్మతు చెయ్యవలసి వస్తే ఇది ఎంత వీలో ఊహించండి! ఈ కారు వందలాది పందేలు గెలిచింది.

ఫ్రిట్జ్ 1930ల చివర ఈ జాతి కారునే ఒకటి కొనుక్కున్నాడు. అప్పటికి అతని షెడ్డులో ఉన్న సంపద అదే. కాని అతని మనసులోని షెడ్డులో ఇంకా పెద్దది ఒకటి తిరుగుతూ ఉండేది. దాని పేరు రాయల్.

రాయల్ అంటే రాజులకు తగినది అని అర్థం. ప్రపంచంలోని రాజులందరూ కొనుక్కుంటారనే ఆశతో ఎటోరే బుగాటీ దీన్ని తయారు చేశాడు. దీని పొడుగు సుమారు ఇరవై ఒక్క అడుగులు. బరువు మూడు టన్నులకు పైన, అంటే దాదాపు ఒక ఆడ ఏనుగు బరువు. దానికి తగినట్టే కారు ముక్కు మీద వెనక కాళ్ళ మీద నిలబడిన వెండి ఏనుగు బొమ్మ ఉంటుంది. అది ఎటోరే తమ్ముడు రెంబ్రాంట్ ఒకప్పుడు చేసిన శిల్పానికి నకలు. పాపం, తమ్ముడు 1916లోనే చనిపోయాడు. రాయల్‌ను అతడు చూడనే లేదు.

ఇక రాయల్ ఇంజను మాట. కారు ఇంజనులో సిలిండరు అనేది ఒక లోహపు గొట్టం. అందులో పిస్టను అనే దిమ్మ పైకీ కిందికీ ఆడుతూ ఉంటుంది. పెట్రోలు ఆవిరీ గాలీ కలిసిన మిశ్రమాన్ని పిస్టను పైకి వచ్చి నొక్కిపెడుతుంది. అప్పుడు ఒక విద్యుత్తు నిప్పురవ్వ దాన్ని అంటిస్తుంది. మండిన వాయువు ఒక్కసారిగా వ్యాకోచించి పిస్టనును బలంగా కిందికి తోస్తుంది. మీరు సైకిలు పెడలు తొక్కుతారు చూడండి, ఇదీ అటువంటిదే. మీ కాలి తోపుకు పళ్ళచక్రం తిరిగినట్టు, పిస్టను తోపుకు ఇంజనులోని వంకర ఇరుసు తిరుగుతుంది. ఆ తిరగడమే చివరకు బండి చక్రాలకు చేరుతుంది.

సిలిండరు ఒకటే ఉంటే ఇంజను కుదుపులు కుదుపులుగా నడుస్తుంది. పూర్వం ముగ్గురు ఆడవాళ్ళు ఒకే రోట్లో వడ్లు ఎలా దంచేవారో మీ అమ్మమ్మను అడగండి. ఒకరి రోకలి దిగేటప్పుడు ఇంకొకరిది లేచేది. దెబ్బ తెగకుండా పడేది. సిలిండర్లు ఎక్కువైనకొద్దీ ఇంజను కూడా అలాగే మెత్తగా నడుస్తుంది. రాయల్‌కు ఒకే వరసలో ఎనిమిది సిలిండర్లు! ఎనిమిదీ కలిసి సుమారు పన్నెండు ముప్పావు లీటర్ల ఇంజను. ఈనాడు మన వీధుల్లో తిరిగే చిన్న కార్లలో చాలావాటికి ఇంజను మొత్తం కలిపి ఒక లీటరో, అంతకు కాస్త పైనో ఉంటుంది. రాయల్‌లో ఒక్కొక్క సిలిండరే ఒకటిన్నర లీటర్లకు పైన. అంటే మన చిన్న కారు ఇంజను మొత్తం రాయల్ సిలిండరు ఒక్కదానికి కూడా సరి రాదన్నమాట!

ఇంత గొప్ప కారును ఏ రాజు కొన్నాడు? ఏ రాజూ కొనలేదు. 1929లో అమెరికాలో మొదలైన ఆర్థికమాంద్యం ప్రపంచమంతా పాకింది. కోటీశ్వరులు కూడా చెయ్యి ముడుచుకున్నారు. బుగాటీ ఆరు రాయల్ కార్లు చేస్తే మూడే అమ్ముడుపోయాయి. కొన్నవాళ్ళు ఒక బట్టల వర్తకుడు, ఒక వైద్యుడు, ఒక ఇంగ్లీషు ధనవంతుడు.

ఆ బట్టల వర్తకుడి కథ తమాషాగా ఉంటుంది. అతడు తాను రాత్రిపూట కారు నడపనని అన్నాడట. అలాగైతే దీపాలెందుకని, ఎటోరే కొడుకు జాన్ బుగాటీ ముందు దీపాలే లేకుండా ఆ కారుకు ఒళ్ళు రూపొందించాడు. అది 1932 నాటి మాట. అప్పటికి జాన్ వయసు ఇరవై మూడేళ్ళు.

అమ్ముడుపోని కార్లు సరే, వాటికోసం చేసి ఉంచిన పెద్ద పెద్ద ఇంజనుల గతి ఏమిటి? ఎటోరే తెలివైనవాడు. వాటిని రైలు పట్టాల మీద పరుగెత్తే మోటారు బోగీలలో అమర్చాడు. ఆ బోగీలు గంటకు 190 కిలోమీటర్లకు మించిన వేగం కూడా చూపించాయి. టిక్కెట్టు కొన్న ప్రతి మనిషీ ఆ ఇంజను బలం మీద ప్రయాణం చేశాడు. రాజుల కోసం పుట్టిన ఇంజను చివరకు ప్రజల రైలును లాగింది. ఈ మాట గుర్తు పెట్టుకోండి. మన కథ చివర ఇటువంటిదే ఇంకొకటి జరగబోతుంది.

1939లో జాన్ బుగాటీ ఒక కారును పరీక్షిస్తూ ప్రమాదంలో చనిపోయాడు. అదే ఏడు రెండో ప్రపంచ యుద్ధం మొదలైంది. 1947లో ఎటోరే కూడా కన్నుమూశాడు. కార్ఖానా క్రమక్రమంగా నీరసించిపోయింది. పాత బుగాటీ కార్లు నలుమూలలా చెదిరిపోయాయి. కొన్ని పశువుల పాకల్లో చేరాయి, కొన్ని పాత ఇనుము కింద పోయాయి. అప్పట్లో వాటిని పురావస్తువులుగా ఎవరూ చూడలేదు. పాతబడ్డ బళ్ళు, అంతే.

ఫ్రిట్జ్ మాత్రం అలా చూడలేదు. 1960ల మొదట్లో అతని మిల్లులు బాగా నడుస్తున్నాయి. చేతిలో డబ్బు ఆడుతున్నది. మనసులోని షెడ్డును నేల మీదికి దించే సమయం వచ్చిందనుకున్నాడు. 1962లో బుగాటీ కార్లు ఎక్కడెక్కడ ఎవరెవరి దగ్గర ఉన్నాయో పట్టికగా వేసిన పుస్తకం ఒకటి ఇంగ్లండులో వెలువడింది. ఫ్రిట్జ్‌కు అది అంగడి జాబితాలాగా కనిపించింది. అందులో ఉన్నవాళ్ళకు ఉత్తరాలు రాయించాడు. "మీ కారు అమ్ముతారా? ధర ఎంత?" అన్నదే వాటి సారాంశం. చాలామంది అమ్మారు.

1963లో ఏకంగా బుగాటీ కార్ఖానాలోనే మిగిలి ఉన్న పద్ధెనిమిది కార్లు కొనేశాడు. ఎటోరే బుగాటీ స్వయంగా వాడుకున్న రాయల్ కూడా అందులో ఉన్నది. దానికి కూపే నెపోలియన్ అని పేరు. యుద్ధం రోజుల్లో శత్రువుల కంట పడకుండా ఆ కారుకు అడ్డంగా గోడ కట్టి దాచారు. ఆ కారు ఫ్రిట్జ్ చేతికి వచ్చిన రోజున అతనికి ఎంత సంబరమైందో మీరే ఊహించుకోండి!

మరుసటి ఏడు మరీ పెద్ద బేరం కుదిరింది. అమెరికాలోని ఇల్లినాయ్ రాష్ట్రంలో జాన్ షేక్‌స్పియర్ అనే ఆసామి దగ్గర ముప్ఫై బుగాటీ కార్లున్నాయి. వాటిలో ఇంగ్లీషు ధనవంతుడు కొన్న రాయల్ కూడా ఒకటి. ముప్ఫై కార్లనూ కలిపి సుమారు ఎనభై అయిదు వేల డాలర్లకు ఫ్రిట్జ్ కొన్నాడు. 1964లో ఆ కార్లు రైలు బళ్ళ మీద వరసగా ఎక్కి, అమెరికా దేశంలో ఉత్తరం నుంచి దక్షిణానికి ప్రయాణం చేసి, న్యూ ఆర్లియన్సు రేవులో ఓడ ఎక్కి, సముద్రం దాటి ఫ్రాన్సుకు చేరుకున్నాయి. ఒక రైలు నిండా బుగాటీలు! ఈనాడు అటువంటి కారు ఒక్కటి వేలానికి వచ్చినా పత్రికలన్నీ రాస్తాయి.

బుగాటీలతో ఆగలేదు. రోల్స్ రాయిసులు, మెర్సిడెసులు, ఫెరారీలు, కార్లు పుట్టిన తొలినాళ్ళ నాటి గుర్రపుబండి ఆకారపు బళ్ళు, ఇలా ఎన్నో వచ్చి చేరాయి. కొన్ని మంచి స్థితిలో వచ్చాయి. చాలావరకు శిథిలమై వచ్చాయి.

బండిని కదలకుండా ఉంచితే అలాగే పదిలంగా ఉంటుందని మీరు అనుకుంటున్నారేమో! అది పొరపాటు. కదలని బండికే రోగాలు ఎక్కువ. ఒకేచోట బరువు మోసి టైర్లు చదునెక్కుతాయి. రబ్బరు ఎండి పగులుతుంది. నూనె అడుగుకు దిగిపోయి, పైన ఆరిన లోహానికి తుప్పు పడుతుంది. పెట్రోలు ఆరిపోయి జిగురు కట్టి సన్నని దారులను మూసేస్తుంది. సీట్ల తోలులో ఎలుకలు కాపురం పెడతాయి. అందుకని ఫ్రిట్జ్ నలభైమంది దాకా పనివాళ్ళను పెట్టుకున్నాడు. వారిలో ఇంజను మేస్త్రీలు, వడ్రంగులు, తోలుపనివాళ్ళు, రంగులు వేసేవాళ్ళు ఉండేవారు. ఒక్కొక్క కారునే విప్పి, కడిగి, లేని భాగాన్ని చేత్తో చేసి మళ్ళీ బిగించేవారు. ఒక షరతు మాత్రం ఉండేది. ఇక్కడ చూసింది బయట ఎవరికీ చెప్పకూడదు!

ఇంతకూ ఆ షెడ్డు ఎక్కడ? 1957లో ష్లుంఫ్ సోదరులు ములూజ్‌లో ఒక పాత మిల్లు కొన్నారు. అందులోని అడ్డుగోడలు తీయించి, ఒక్కటే మహా శాలగా చేశారు. కార్ల వరసల మధ్య గులకరాళ్ళు పరిచిన బాటలు వేశారు. పారిస్ నగరంలో మూడో అలెగ్జాండర్ వంతెన మీద అందమైన దీపస్తంభాలున్నాయి. అటువంటి వాటినే వందల సంఖ్యలో పోత పోయించి ఆ బాటల పక్కన నిలబెట్టారు. అంటే ఇంటి కప్పు కింద ఒక నగరం! ఆ నగరంలో పౌరులందరూ కార్లే. దీన్ని తమ తల్లి జాన్ స్మృతికి అంకితం చేశారు.

ఏదో ఒక రోజు ఈ శాలను తెరిచి లోకానికి చూపించాలని ఫ్రిట్జ్‌కు ఆలోచన ఉండేది. కాని ఇంకో కారు వస్తే బాగుండును, ఇంకో దీపం పెడితే బాగుండును అని ఏళ్ళు దొర్లిపోయాయి. తలుపు తెరుచుకోలేదు.

ఈలోగా మిల్లుల పరిస్థితి చెడింది. నైలాను వంటి కృత్రిమ దారాలు చవకగా వచ్చాయి. ఇతర దేశాల నుంచి చవక బట్ట దిగింది. 1973లో చమురు ధర ఒక్కసారిగా పెరిగి ఐరోపాలోని కార్ఖానాలన్నిటినీ కుదిపింది. ష్లుంఫ్ మిల్లులు నష్టాల్లో పడ్డాయి. 1976 వచ్చేసరికి కూలీల కడుపు మీదికి వచ్చింది. కొందరికి పని పోయింది, కొందరికి జీతాలు నిలిచాయి. కూలీలు సమ్మె చేశారు. యజమానుల ఇంటిని చుట్టుముట్టారు. అన్నదమ్ములిద్దరూ సరిహద్దు దాటి, స్విట్జర్లాండులోని బాజెల్ నగరానికి వెళ్ళిపోయారు.

ఆ ఏడు చలికాలం ఆ ఇళ్ళలో ఎలా గడిచి ఉంటుందో ఆలోచించండి. ఉన్ని వడికే మనిషి ఇంట్లో పిల్లలకు ఉన్ని కోటు కొనడానికి డబ్బు లేదు! మిల్లులో పాత కార్లేవో ఉన్నాయని మాత్రం చాలా రోజులుగా గుసగుసలు వినిపించేవి. ఎన్ని ఉన్నాయో, ఎటువంటివో ఎవరికీ తెలియదు.

1977 మార్చి 7వ తేదీన కూలీలు ములూజ్ మిల్లులోకి చొరబడ్డారు. లోపలికి అడుగు పెట్టి నిలువునా నిలబడిపోయారు. వరసల మీద వరసలుగా కార్లు! ఎర్రవి, నీలివి, నల్లవి, అద్దంలా మెరుస్తున్నవి. మధ్యలో పారిస్ దీపాలు. జీతానికి డబ్బు లేదని చెప్పిన మిల్లులోనే ఇంత సంపద! తమ కష్టార్జితమంతా ఇక్కడికే చేరిందని వాళ్ళన్నారు. కోపం పట్టలేక, బాగుచెయ్యకుండా ఉన్న చిన్న ఆస్టిన్ కారు ఒకదాన్ని తగలబెట్టారు కూడా.

పిల్లలూ, ఇక్కడ ఒక్క క్షణం ఆగండి. మీరు ఆ కూలీలలో ఒకరైతే ఏం చేసి ఉందురు? ఒక కారు అంటుకున్నది. పక్కన ఇంకా నాలుగు వందల పైచిలుకు ఉన్నాయి. చేతిలో అగ్గిపెట్టె ఉన్నది, గుండెలో మంట ఉన్నది. తలా ఒక సుత్తి పట్టుకుంటే ఒక్క పూటలో ఫ్రిట్జ్ కల పొడి అయిపోయేది.

కూలీలు అలా చెయ్యలేదు. ఆ మిల్లును తమ స్వాధీనంలో ఉంచుకుని, కార్లకు తామే కాపలా కాశారు. తలుపు మీద కార్మికుల మ్యూజియం అని పేరు పెట్టి, తాళాలు తీసి, ఊరివాళ్ళను రమ్మన్నారు. జనం తండోపతండాలుగా వచ్చారు. వచ్చినవాళ్ళకు కార్లనూ చూపించారు, తమ గోడూ చెప్పుకున్నారు. రెండేళ్ళలో సుమారు ఎనిమిది లక్షలమంది ఆ శాలను చూశారట! ఫ్రిట్జ్ పదిహేనేళ్ళ పాటు చెయ్యలేకపోయిన పనిని కూలీలు కొద్ది రోజుల్లో చేశారు. తలుపు తెరిచారు.

అప్పులవాళ్ళు మాత్రం ఊరుకోలేదు. కార్లను ఒక్కొక్కటిగా అమ్మి తమ డబ్బు రాబట్టుకుందామనుకున్నారు. అమ్మితే కార్లు మళ్ళీ నలుమూలలా చెదిరిపోయేవి. అందుకని 1978లో ఫ్రాన్సు ప్రభుత్వం ఈ కార్లన్నిటినీ కలిపి చారిత్రక సంపదగా ప్రకటించింది. పాత కోటలను కాపాడినట్టే వీటినీ కాపాడాలన్నమాట. ఇక వాటిని విడదీయడానికి వీలులేదు, దేశం దాటించడానికీ వీలులేదు. 1979లో కూలీలు తాళం చెవులు అధికారులకు అప్పగించారు. 1981లో ములూజ్ పట్టణమూ, ఆ జిల్లా, ఆ సీమ, మోటారు సంఘాల వంటివీ కలిసి నాలుగు కోట్ల నలభై లక్షల ఫ్రాంకులిచ్చి సంపదనంతా కొన్నాయి. 1982లో అది జాతీయ మోటారు మ్యూజియంగా అందరికీ తెరుచుకున్నది.

అన్నదమ్ముల సంగతి ఏమైందని అడుగుతారా? ఇద్దరూ బాజెల్‌లోనే ఉండిపోయారు. ములూజ్‌కూ బాజెల్‌కూ మధ్య దూరం నలభై కిలోమీటర్లు కూడా లేదు. కారులో అరగంట ప్రయాణం. కాని వాళ్ళ మీద ఫ్రాన్సులో కేసులుండేవి. హాన్స్ 1989లోనూ, ఫ్రిట్జ్ 1992లోనూ చనిపోయారు. మ్యూజియం పేరులో మాత్రం ఈనాడు ష్లుంఫ్ అనే మాట కూడా ఉన్నది.

ఫ్రిట్జ్ మంచివాడా, చెడ్డవాడా? ఈ ప్రశ్న మీకు వచ్చే ఉంటుంది. ఒక్క మాటలో తేల్చడం కష్టం. అతడు కొని ఉండకపోతే ఆ కార్లలో ఎన్నో పాత ఇనుములో కరిగిపోయేవి. ఆ మాట నిజం. తన మిల్లుల్లో పనిచేసే మనుషులు ఇబ్బందుల్లో పడ్డప్పుడు అంత సంపద చీకట్లో మెరుస్తూ ఉన్నది. ఆ మాటా నిజమే. కార్లను అతడు తుప్పు నుంచి కాపాడాడు. అతని కూలీలు వాటిని తమ కోపం నుంచే కాపాడారు. ఏది ఎక్కువ కష్టమో మీరే చెప్పండి.

ఈనాడు ములూజ్ వెళితే అక్కడ నాలుగు వందలకు పైగా కార్లు చూడవచ్చు. అందులో నూరుకు పైగా బుగాటీలే. ప్రపంచం మొత్తం మీద ఉన్న ఆరు రాయల్ కార్లలో రెండు ఆ ఒక్క కప్పు కిందనే ఉన్నాయి. ఒకటి ఎటోరే వాడుకున్నది, రెండోది ఓడలో వచ్చినది. వాటి పక్కన దీపాలు లేని రాయల్ కూడా కనిపిస్తుంది. అది అసలుది కాదు. ఫ్రిట్జ్ కూడబెట్టి ఉంచిన విడి భాగాలతో తరవాత పూర్తి చేసిన నకలు. అదే ఊళ్ళో రైళ్ళ మ్యూజియం కూడా ఒకటి ఉన్నది. అక్కడికి వెళితే రాయల్ ఇంజనుల కోసం పుట్టిన ఆ బుగాటీ రైలు బోగీని చూడవచ్చు.

రాజుల ఇంజను ప్రజల రైలుకు చేరింది. ఒక్కడి శాల ఊరందరిదీ అయింది. కథ చివర ఇటువంటిదే ఇంకొకటి జరుగుతుందని ముందే చెప్పానుగా!

సరే, ఇప్పుడు మళ్ళీ కళ్ళు మూసుకోండి. మొదట్లో మీరు వేసుకున్న ఆ షెడ్డు బొమ్మ ఇంకా మనసులో ఉన్నదా? బళ్ళన్నీ ఎక్కడివక్కడే ఉన్నాయా? ఒకటి కూడా తీసెయ్యకండి, కావాలంటే ఇంకో రెండు చేర్చుకోండి. కాని ఒక పెద్ద తలుపు పెట్టడం మరిచిపోకండి. ఆ బళ్ళను కడిగే అబ్బాయీ, నట్టు బిగించే మేస్త్రీ, వీధి చివరి ఇంటి పిల్లలూ లోపలికి వచ్చి చూసి పోయేటంత పెద్ద తలుపు!